బొమ్మ కంటే ముందు బానెట్‌ను చూడండి

ప్రశ్న: ఆరేళ్ళ క్రితం కొన్న ముదురు నీలం రంగు సెడాన్ నాది. దాని బానెట్ మీద సముద్రపు అలలు, వాటిలోంచి పైకి లేస్తున్న తిమింగలం, వెనక నారింజ, గులాబీ రంగుల్లో సాయంకాలపు ఆకాశం వేయించాలని చాలాకాలంగా కోరిక. ఒక చిత్రకారుడు ఉన్న రంగు మీదే ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగును సన్నగా చిమ్మే పరికరం) వేసి, పైన స్ప్రే డబ్బాతో వార్నిష్ కొడతానంటున్నారు. ఒక దుకాణం వాళ్ళు అదే బొమ్మను వినైల్ అనే పల్చని ప్లాస్టిక్ పొర మీద అచ్చు వేసి అంటిస్తామంటున్నారు. అది స్టిక్కరే తప్ప కళ కాదని నా స్నేహితుడి మాట. పనిలో పనిగా కారు మొత్తానికి క్యాండీ రంగు వేయించమని మరొకరి సలహా. రెండేళ్ళ కిందట చిన్న ప్రమాదం జరిగినప్పుడు బానెట్‌కూ ముందు బంపర్‌కూ మళ్ళీ రంగు వేయించాను. వీటిలో ఏది మంచిది? ఎన్నాళ్ళు నిలుస్తుంది? తర్వాత కారు అమ్మాలంటే ఇబ్బంది అవుతుందా?

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం, బానెట్‌కూ బంపర్‌కూ ఒకసారి రంగు మళ్ళీ వేయించారన్నది. బొమ్మ ఎయిర్‌బ్రష్‌తో వేయించినా, వినైల్‌గా అంటించినా, అది కూర్చునేది ఆ రెండో రంగు మీదే. అందువల్ల ఎవరి చేత వేయించాలి, ఏ పద్ధతిలో వేయించాలి అన్న ప్రశ్నలకు ముందు, ఆ రంగు రేకును ఎంత గట్టిగా పట్టుకుని ఉందో తేల్చుకోవాలి. నా సలహా అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కంపెనీలో వేసిన రంగు చూడటానికి ఒకటే అయినా, నిజానికి అది నాలుగు పొరల కట్టు. రేకును తుప్పు నుంచి కాపాడేందుకు విద్యుత్ సాయంతో ముంచి ఎక్కించిన పొర అట్టడుగున ఉంటుంది; దాని మీద ప్రైమర్, ఆ పైన రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికీ పైన మెరుపునూ రక్షణనూ ఇచ్చే క్లియర్ కోట్ ఉంటాయి. ఈ నాలుగూ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మధ్యే ఉంటుంది. మరమ్మతు చేసిన చోట ఈ లెక్క మారిపోతుంది. పాత రంగును సరిగా గీకకుండా దాని మీదే కొత్తది కొట్టినా, సొట్టను పుట్టీతో నింపినా మందం 300 మైక్రాన్లు దాటవచ్చు. రంగు మందాన్ని కొలిచే చిన్న పరికరం మంచి పెయింటింగ్ షాపుల్లో ఉంటుంది. దాన్ని బానెట్ మీద పది పన్నెండు చోట్ల ఆనించి చూడమని అడగండి, తర్వాత ఎప్పుడూ ముట్టుకోని వెనక డోర్ మీదా చూడమనండి. డోర్ మీద 120, బానెట్ మీద 220, అదీ అన్ని చోట్లా దాదాపు సమానంగా వస్తే భయపడనక్కర్లేదు. ఒక చోట 200, జానెడు అవతల 600 చూపిస్తే కింద పుట్టీ ఉన్నట్టే. అలాంటి బానెట్ మీద బొమ్మ వేయించకూడదన్నది నా నిశ్చితాభిప్రాయం. అక్కడి రంగును రేకు దాకా తీసివేసి, ప్రైమర్ నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. ఖర్చు పెరుగుతుందని ఈ దశను దాటవేస్తే, ఏడాదో రెండేళ్ళో గడిచాక బొమ్మ అడుగు నుంచి పగుళ్ళు పైకి వస్తాయి. అప్పుడు పగులును మాత్రమే బాగుచేసి బొమ్మను నిలుపుకునే మార్గం ఉండదు.

మందం సరిగానే ఉన్నా పట్టు సరిగా ఉందో లేదో వేరుగా చూడాలి. బానెట్ ఎత్తి, లోపలి అంచు దగ్గర, అప్పుడు రంగు పడిన చోటు వెతకండి. గట్టి జిగురున్న టేపును అక్కడ ఒత్తి అంటించి ఒక్కసారిగా లాగితే రంగు పెచ్చుగా ఊడివచ్చిందంటే, పైన కూడా పట్టు అంతంతమాత్రమేనని అనుమానించాలి. దీపాల చుట్టూ, రబ్బరు పట్టీల అంచుల్లో రంగు గీతలా లేచి కనిపించడం కూడా అదే సూచన.

ఇక చిత్రకారుడు చెప్పిన స్ప్రే డబ్బా వార్నిష్ సంగతి. ఆయన చేతిలో ఎంత గొప్ప కళ ఉన్నా, ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినవద్దని గట్టిగా చెబుతున్నాను. మామూలు స్ప్రే డబ్బాలో వచ్చేది ద్రావకం ఆవిరైపోతే ఎండే రకం. దానిలో రసాయనికంగా గట్టిపడే గుణం లేదు కాబట్టి పెట్రోలు చుక్క పడినా, థిన్నర్ గుడ్డ తగిలినా మెత్తబడుతుంది. ఎండకు త్వరగా పసుపెక్కి పొడిబారుతుంది. కారు మీద నిలిచేది హార్డెనర్ (రంగును గట్టిపరిచే రసాయనం) కలిపి స్ప్రే గన్‌తో కొట్టే రెండు భాగాల యురేథేన్ క్లియర్ మాత్రమే. అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే పదార్థాలు అందులో ఉంటాయి. కింద ఉన్న బొమ్మ రంగులకు గొడుగు అదే. చిత్రకారుడికి అది కొట్టే ఏర్పాటు లేకపోతే అందులో చిన్నతనమేమీ లేదు. బొమ్మ ఆయన వేసి, క్లియర్‌ను దుమ్ము లేని బూత్ (రంగు కొట్టే మూసిన గది) ఉన్న పెయింటింగ్ షాపు వాళ్ళు కొట్టడం చాలాచోట్ల జరిగేదే. కాకపోతే ఇద్దరూ పని మొదలుపెట్టకముందే మాట్లాడుకోవాలి. బేస్ కోట్ రంగుల మీద క్లియర్ ఎంత వ్యవధిలో పడాలో తయారీదారు ఇచ్చే పత్రంలో రాసి ఉంటుంది. ఆ గడువు దాటితే పొరల మధ్య పట్టు కుదరదు. బొమ్మకు రోజుల తరబడి సమయం పడుతుంది కాబట్టి అనుభవం ఉన్నవారు మధ్య మధ్యలో పల్చని పారదర్శక పొర ఒకటి కొట్టి, అంతవరకు వేసినదాన్ని భద్రపరచుకుంటారు. మీ చిత్రకారుడు నీళ్ళు ద్రావకంగా ఉన్న కార్ల రంగులు వాడేవారైతే, అవి లోపలిదాకా ఎండిన తర్వాతే క్లియర్ పడాలి. లోపల చిక్కుకున్న తేమ తర్వాత పొక్కులుగా బయటపడుతుంది.

మంచి పని ఎలా సాగుతుందో తెలిస్తే, మీ ఎదుట జరిగేది సరైనదో కాదో మీరే గుర్తుపట్టగలరు. మొదట బానెట్‌ను మైనం, జిడ్డు తీసే ద్రవంతో శుభ్రం చేస్తారు. పాలిష్‌లలో ఉండే సిలికాన్ చిటికెడు మిగిలినా రంగు దాని చుట్టూ ముడుచుకుని చేపకన్నులాంటి గుంటలు పడతాయి. తర్వాత 800 నంబరు వాటర్ పేపర్‌తోనో బూడిదరంగు స్కఫ్ ప్యాడ్‌తోనో మెరుపంతా పోయి సమానంగా మసకబారేదాకా రుద్దుతారు. ఎక్కడైనా మెరుపు చుక్క మిగిలిందంటే అక్కడ కొత్త పొరకు పట్టు దొరకదు. అంచుల్లో, గీతల లోపల, నీళ్ళు చిమ్మే నాజిల్ చుట్టూ తొందరపాటు చేతులు ఎప్పుడూ ఈ చుక్కలను వదిలేస్తాయి. కనుక పక్కనుంచి దీపం వేసి చూడమనండి.

అప్పుడు గానీ బొమ్మ మొదలవదు. ఎయిర్‌బ్రష్ సూది ముక్కు సాధారణంగా 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్ల వరకే ఉంటుంది. మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. ఈ రెండింటినీ ఒకే వేలితో నడపడంలోనే ఆ చిత్రకారుడి సాధన అంతా ఉంటుంది. మీ కారు ముదురు నీలం కావడం మీకు పెద్ద వరం. మంచి చిత్రకారుడు మొత్తం బానెట్‌ను తెల్లగా కప్పి దాని మీద సముద్రాన్ని గీయడు. ఉన్న నీలాన్నే లోతైన నీరుగా వదిలేసి, అల అంచులనూ నురగనూ తిమింగలం వీపు మీద జారే వెలుగునూ మాత్రమే పల్చని తెలుపుతో పైకి తెస్తాడు, ఆ తెలుపు మీద పారదర్శకమైన నీలాన్నీ ఆకుపచ్చనీ ఆవిరిలా పట్టిస్తాడు. ఇలా చేస్తే రంగు తక్కువ పడుతుంది, పొర పల్చగా ఉంటుంది, బొమ్మ అంచు కారు రంగులో కలిసిపోతుంది కాబట్టి అతికించినట్టు కనిపించదు. టేపు వేసి కత్తిరించిన చోట మాత్రం రంగు గట్టులా నిలబడుతుంది. క్లియర్ రెండు కోట్లు పడ్డాక 600 లేదా 800 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్ళు పోస్తూ చదును చేసి, మళ్ళీ రెండు కోట్లు కొడితే ఆ గట్టు మాయమవుతుంది. పని అప్పగించేటప్పుడు కళ్ళు మూసుకుని తిమింగలం తోక అంచు మీదుగా వేలికొన నడపండి. బొమ్మ ఎక్కడ మొదలైందో వేలికి తెలియకూడదు. అది తెలుస్తోందంటే క్లియర్ చాలలేదు, లేదా మధ్యలో చదును చేయలేదు.

మీ సాయంకాలపు ఆకాశం విషయంలో ఒక హెచ్చరిక. సముద్రానికి కావలసిన థాలోసయనిన్ నీలం, పచ్చ, టైటానియం తెలుపు, కార్బన్ నలుపు ఎండకు బాగా ఓర్చుకునేవి. నారింజ, గులాబీ, మెజెంటాలు అలాంటివి కావు. వాటిలో చాలా రకాలు ముందుగా వెలిసిపోతాయి, ఫ్లోరసెంట్ రంగులైతే బయట ఎండలో నెలల్లోనే పాలిపోతాయి. ఆకాశానికి క్వినాక్రిడోన్ లేదా పెరిలీన్ జాతి వర్ణద్రవ్యాలున్న కార్ల రంగులే వాడమని అడగండి. కాగితం మీద వాడే ఎయిర్‌బ్రష్ సిరాలను ఒప్పుకోవద్దు. వీలైతే ఆకాశం వాటా తగ్గించి సముద్రం వాటా పెంచండి. పదేళ్ళ తర్వాత కూడా చూడబుల్‌గా ఉండేది ఆ భాగమే.

వినైల్‌ను మీ స్నేహితుడు తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు. బీఎమ్‌డబ్ల్యూ కంపెనీ కళాకారుల చేత అలంకరింపజేసే ఆర్ట్ కార్ల వరుసను 1975లో అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ రంగులు వేసిన 3.0 సీఎస్‌ఎల్ కారుతో మొదలుపెట్టింది. ఆ కారు అదే ఏడాది ఫ్రాన్స్‌లోని లె మాన్ కార్ల పందెంలో పరుగెత్తింది. 1979లో అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ ఎమ్1 కారు మీద అరగంటలోపే తన చేత్తో రంగులు పూసేశాడు. అదే వరుసలో 2010లో మరో అమెరికన్ కళాకారుడు జెఫ్ కూన్స్ చేసిన ఎమ్3 జీటీ2 కారు బొమ్మ మాత్రం వినైల్ మీద అచ్చు వేసి అంటించి, పైన క్లియర్ కొట్టినదే. కుంచె పట్టిన చేయి ఎంత కళో, ముందుగా కంప్యూటర్ మీద ఆ వంపులకు తగినట్టు బొమ్మను అమర్చిన చేయీ అంతే కళ. తేడా ఉన్నది గౌరవంలో కాదు, ఆయుష్షులోనూ వెనక్కి తీసుకునే సౌలభ్యంలోనూ.

బొమ్మ మీద మీకు ఇష్టం ఎన్నాళ్ళుంటుందో మీకే నమ్మకం లేకపోతే, మూడు నాలుగేళ్ళలో కారు మార్చే ఆలోచన ఉంటే వినైలే మంచిది. అయితే అందులో కాస్ట్ అనే రకాన్నే అడగండి. అది సుమారు 50 మైక్రాన్ల పల్చని పొర, వంపుల మీద ఒదిగి కూర్చుంటుంది. చవకగా దొరికే కేలెండర్డ్ రకం సాగదీసినా తన పాత ఆకారానికి కుంచించుకుపోవాలని చూస్తుంది కాబట్టి కొంతకాలానికి అంచులు లేస్తాయి. అచ్చు మీద తప్పనిసరిగా లామినేషన్ పొర ఉండాలి. బానెట్, రూఫ్, డిక్కీ లాంటి ఆకాశాన్ని చూసే భాగాల మీద వినైల్ ఆయుష్షు డోర్ల మీద ఉండేదానిలో సగానికి పడిపోవడం మామూలే. అంటించే పనివాడు నేరుగా రంగు మీద బ్లేడు పెట్టి కోస్తున్నాడేమో చూడండి. రేకు దాకా దిగిన ఆ సన్నని గీత వినైల్ తీసే రోజున తుప్పు గీతగా కనిపిస్తుంది. కింద అంటించి దారంతో లాగి కోసే టేపులు ఇందుకోసమే ఉన్నాయి.

ఇక్కడ మళ్ళీ మీ రెండో రంగు ప్రస్తావన తప్పదు. కంపెనీ రంగు మీద అంటించిన మంచి వినైల్‌ను వేడి చేసి మెల్లగా లాగితే రంగుకు నష్టం లేకుండా వచ్చేస్తుంది. సరిగా పట్టులేని మరమ్మతు రంగును మాత్రం జిగురు తనతోపాటు లాక్కుపోతుంది. వినైల్ వేస్తే అసలు రంగుకు ఏమీ కాదన్న హామీ మీ వెనక డోర్లకు వర్తిస్తుంది గాని, పరీక్ష నెగ్గేదాకా మీ బానెట్‌కు వర్తించదు. ఒకవేళ బానెట్‌కు ఇప్పుడు కొత్తగా రంగు వేయిస్తే, అందులోని ద్రావకాలు పూర్తిగా బయటికి పోవడానికి కొన్ని వారాలైనా ఆగి అప్పుడే వినైల్ అంటించాలి.

క్యాండీ రంగు మాట మాత్రం ఈ కారు విషయంలో మానుకోమంటాను. 1950ల్లో కాలిఫోర్నియాలో జో బెయిలన్ లాంటి కస్టమ్ కార్ల కళాకారులు ప్రసిద్ధం చేసిన ఆ రంగు నిజంగానే కళ్ళు తిప్పుకోనివ్వదు. వెండి లేదా బంగారు మెరుపున్న అడుగు పొర మీద రంగుటద్దంలాంటి పారదర్శకమైన పొరలు ఒకదాని మీద ఒకటి పడతాయి, వెలుతురు వాటిలోంచి లోపలికి దిగి అడుగు నుంచి తిరిగి వస్తుంది. ఆ అందమే దాని బలహీనత కూడా. ప్రతి కోటుకూ రంగు ముదురుతుంది కాబట్టి ఒక డోర్ మీద ఐదు, పక్క డోర్ మీద ఆరు పడితే తేడా దూరం నుంచే తెలిసిపోతుంది. రేపు ఎక్కడైనా గీత పడితే అంతమేరకే సరిచేయడం దాదాపు అసాధ్యం. ఆ భాగం మొత్తం, చాలాసార్లు పక్క భాగంతో కలిపి, మళ్ళీ వేయాలి. పైగా అద్దకం రంగులతో చేసే క్యాండీలు ఎండకు వర్ణద్రవ్యాలంత ఓర్చుకోలేవు. రోజూ రోడ్డెక్కే కారుకు ఇది తగదు. కొంచెం మెరుపు కావాలనిపిస్తే, క్లియర్‌కు ముందు అలల అంచుల మీద మాత్రం పల్చగా పెర్ల్ కొట్టించండి. టైటానియం డయాక్సైడ్ పూత ఉన్న అభ్రకం రేణువులే ఆ పెర్ల్. నీడలో కనిపించకుండా ఉండి, ఎండ తగలగానే నీలంగానో పచ్చగానో మేల్కొంటాయి. సముద్రానికి దీనికంటే తగిన అలంకారం నాకు తోచడం లేదు. మెరుపు లేని మాట్ క్లియర్ వేయించుకునే ఆలోచన వస్తే మాత్రం, దాన్ని ఎన్నటికీ పాలిష్ చేయకూడదనీ, రుద్దిన చోటల్లా నిగారింపు మచ్చ మిగులుతుందనీ గుర్తుంచుకోండి.

బంపర్‌ను ఈ బొమ్మలోకి లాగవద్దు. మీ కారులో ముందు వాహనాన్ని పసిగట్టి వేగం తగ్గించే సదుపాయం ఉంటే దాని రాడార్ చాలా మోడళ్ళలో బంపర్ లేదా ముందు చిహ్నం వెనకే దాగి ఉంటుంది. దాని 77 గిగాహెర్ట్‌జ్ తరంగాలకు అల్యూమినియం రేకులున్న మెటాలిక్ రంగులు, మందమైన పొరలు, పుట్టీ అడ్డుపడతాయి. అలాంటి చోట రంగు మందానికి కార్ల కంపెనీలు హద్దులు పెడతాయి. ఒకసారి మళ్ళీ రంగు పడిన మీ బంపర్ ఆ హద్దులో ఉందో లేదో ఈ సందర్భంలో చూపించుకోవడం కూడా మంచిదే.

అన్నీ చూశాక, నేను మీ స్థానంలో ఉంటే ఏం చేస్తానో చెబుతాను. ఇదే మోడల్‌కు సరిపోయే, ప్రమాదం చూడని సెకండ్ హ్యాండ్ బానెట్ ఒకటి సంపాదించి, దాని మీద రేకు నుంచీ పద్ధతిగా పని చేయించి, బొమ్మ వేయిస్తాను. చిత్రకారుడికి కారు మీదకు వంగి పనిచేయాల్సిన అవసరం ఉండదు, బానెట్‌ను స్టాండు మీద నిలబెట్టి నెమ్మదిగా వేసుకోగలడు. ఆ రోజుల్లో మీ కారు మీ దగ్గరే ఉంటుంది. పాత బానెట్‌ను గుడ్డ చుట్టి దాచి ఉంచితే అమ్మకం ప్రశ్నకు కూడా జవాబు దొరికినట్టే. బొమ్మలున్న కారును కోరి కొనేవారు కొందరే. మిగిలినవారు దాన్ని తీసివేయడానికయ్యే ఖర్చును ధరలో తగ్గించి అడుగుతారు. అమ్మే రోజున పాత బానెట్ బిగించి ఇచ్చి, బొమ్మను మీ ఇంటి గోడకు తగిలించుకోవచ్చు.

నిలిచే కాలం గురించి అడిగారు. అమెరికన్ గాయని జానిస్ జోప్లిన్ పోర్షే 356 కారు మీద 1968లో డేవ్ రిచర్డ్స్ వేసిన బొమ్మలు అంత ప్రసిద్ధి పొందినా, ఆమె మరణానంతరం రంగు పాడైపోతుండటంతో కుటుంబం ఆ కారును తిరిగి బూడిదరంగులోకి మార్చింది. ఆ బొమ్మలను 1990ల్లో మళ్ళీ కొత్తగా వేయించుకోవలసి వచ్చింది. ఇప్పటి క్లియర్ కోట్లు అప్పటివాటికంటే ఎంతో మెరుగు. అడుగు సరిగా ఉండి, నీడలో నిలిపే కారైతే పదేళ్ళు ఆశించవచ్చు. బానెట్ మాత్రం ఇంజిన్ వేడినీ నడినెత్తి ఎండనూ ఎదురొచ్చే రాళ్ళనూ ఒకేసారి భరిస్తుంది. క్లియర్ పూర్తిగా గట్టిపడ్డాక, షాపు చెప్పిన గడువు ఆగి, దాని మీద పారదర్శకమైన రక్షణ ఫిల్మ్ వేయిస్తే రాతి దెబ్బల బెడద చాలావరకు తగ్గుతుంది. మొదటి రెండు మూడు నెలలు మైనం గానీ, తిరిగే బ్రష్‌ల కార్ వాష్ గానీ వద్దు. పక్షి రెట్ట పడితే ఆ పూటే నీళ్ళతో నానబెట్టి తీసేయండి.

పని మొదలయ్యే ముందు రెండు కాగితాలు చూసుకోండి. వాహనం రంగు మారితే నమోదు పత్రంలో రాయించాలన్న నియమం చాలా దేశాల్లో ఉంది. బానెట్ మీది బొమ్మ ఎంత విస్తీర్ణం దాటితే అది రంగు మార్పు కిందికి వస్తుందో మీ రవాణా అధికారులను ముందే అడగండి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, బొమ్మ విలువను పాలసీలో చేర్చించండి. చేర్చకపోతే రేపు దెబ్బ తగిలినప్పుడు వాళ్ళు మామూలు నీలం రంగు ఖర్చే ఇస్తారు. తిమింగలం కోసం మీరు ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో ఇస్తున్నట్లయితే, అది తీసినవారి అనుమతి అడగండి, లేదా నాలుగైదు ఫొటోలు చూసి సొంతంగా గీయమని చిత్రకారుడిని కోరండి.

చిత్రకారుడికి నా తరఫున ఒక్క మాట చెప్పండి. హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు చేసే హాని తీవ్రమైనది, ఒకసారి ఒంటికి పడకుండా పోతే జీవితాంతం ఆస్తమాగా మిగలవచ్చు. ముక్కుకు కట్టుకునే గుడ్డ అసలు పనికిరాదు, బొగ్గు ఫిల్టరు మాస్కు కూడా ఎప్పుడు నిండిపోయిందో వాసనతో నమ్మకంగా తెలియదు. బయటినుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు ఉన్న బూత్‌లోనే ఆ క్లియర్ కొట్టాలి. ఆయన దగ్గర ఆ ఏర్పాటు లేకపోతే, ఆ పని షాపుకు అప్పగించి అందుకయ్యే అదనపు ఖర్చు మీరే భరించండి.